డిటెయిన్డ్ లిస్టులో నా పేరు

పోయిన గురువారం రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. +1తో మొదలయ్యే నెంబరు. క్రిప్టో వాళ్ళేమో అనుకుని కట్ చేశా. మళ్ళీ మోగింది. మూడోసారి ఎత్తితే అవతల చిన్న గొంతు.

“అన్నా, నేను మీ మేనత్త కొడుకు రూమ్మేట్‌ని. టెక్సాస్ నుంచి. ఓ పది నిమిషాలు మాట్లాడొచ్చా?”

పది నిమిషాలు అన్నవాడు గంటా నలభై నిమిషాలు మాట్లాడాడు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. మామూలుగా అయితే క్లాసులోనో లైబ్రరీలోనో ఉండాల్సిన టైమ్. వాడు రూమ్ వెనక మెట్ల మీద కూర్చుని మాట్లాడుతున్నాడు, లోపల వాళ్ళకి వినపడకుండా.

విషయం ఇది. ఎమ్మెస్‌కి వెళ్ళాడు. మొదటి సెమిస్టర్ ఒక యూనివర్సిటీలో చదివాడు. అక్కడ ఫీజు ఎక్కువ, తెలిసినవాళ్ళు తక్కువ. ఇంకో యూనివర్సిటీలో ఫీజు తక్కువ, మనవాళ్ళు ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడు. వచ్చింది. కొత్తచోట రెండు సెమిస్టర్లు గడిచాయి. మొన్న మెయిల్ వచ్చింది. అకడమిక్ డిస్మిసల్. అంటే చదువు సరిగా లేదు కాబట్టి యూనివర్సిటీ నుంచి తీసేశాం అని.

అమెరికాలో పీజీ చదివేవాళ్ళకి చాలా యూనివర్సిటీల్లో జీపీఏ 3.0 కంటే తగ్గకూడదు. తగ్గితే మొదట ప్రొబేషన్ అంటారు. గడువులోగా పైకి రాకపోతే తీసేస్తారు. వీడికి కొత్తచోట మొదటి సెమిస్టర్‌లో ఒక బి, రెండు సి. జీపీఏ 2.33. రెండో సెమిస్టర్‌లో రెండు బి, ఒక సి. కొంచెం మెరుగే. కానీ రెండూ కలిపితే 2.5. లెటర్ వచ్చేసింది.

“పాత యూనివర్సిటీలో ఎంతొచ్చాయిరా?” అని అడిగా.

“మూడూ ఏ లే అన్నా.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టి కాలిక్యులేటర్ తీశా. మూడు ఏలు కలిపితే తొమ్మిది కోర్సులకి 27 పాయింట్లు. సరిగ్గా 3.0. అదే వాడు మొదటి నుంచీ ఒకేచోట ఉండి, ఇవే మార్కులు తెచ్చుకుని ఉంటే, గీత మీద నిలబడి ఉండేవాడు. కానీ ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు మామూలుగా క్రెడిట్లు వస్తాయి, గ్రేడ్లు రావు. కోర్సు చేశావని ఒప్పుకుంటారు, ఆ మార్కు మాత్రం కొత్త జీపీఏలో కలపరు. వాడి ఖాతా కొత్తచోట సున్నా నుంచి మొదలైంది.

ఈ లెక్క నాకు కొత్త కాదు. అందుకే మా చుట్టాల్లో ఎవడికి సబ్జెక్టులు పోయినా ఫోన్ నాకే వస్తుంది. ఇంజనీరింగ్ అడ్మిషన్ల అప్పుడు ర్యాంకర్లకి ఫోన్ చేస్తారు. జూలైలో ఫలితాలు వచ్చాక నాకు చేస్తారు.

నేను పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేరా. మూడేళ్ళు డిప్లొమా. 2017లో ఈసెట్ రాసి హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరా. దీన్ని లేటరల్ ఎంట్రీ అంటారు. మన దగ్గర ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్‌కి దగ్గరగా ఉండే జీవి ఎవరన్నా ఉంటే మేమే. అందరూ ఏడాదిగా కలిసి తిరుగుతున్న క్లాసులోకి మధ్యలో వెళ్ళి కూర్చుంటాం. మాలో ఎవరన్నా ఈ కాలమ్ చదువుతుంటే రోల్ నెంబర్ గుర్తొచ్చి నవ్వుకుంటారు. రెగ్యులర్ వాళ్ళకి మధ్యలో 1ఏ ఉంటుంది, మాకు 5ఏ. ల్యాబ్ రికార్డు మీద నెంబర్ చూడగానే సార్‌కి తెలిసిపోతుంది. “ఓ, డిప్లొమానా” అంటాడు. తిట్టు కాదు. మెచ్చుకోలూ కాదు.

ల్యాబుల్లో మాకు తిరుగులేదు. సీఆర్వో ముట్టుకోవడానికి రెగ్యులర్ వాళ్ళు భయపడుతుంటే మేం పదిహేను నిమిషాల్లో వేవ్‌ఫామ్ చూపించి బయటికొచ్చేవాళ్ళం. అసలు గొడవ థియరీ దగ్గర. డిప్లొమాలో లెక్కలు నేర్పలేదని కాదు, నేర్పారు. కానీ వీళ్ళు ఫస్టియర్‌లో చేసిన మ్యాథ్స్ పునాది వేరు. సెకండియర్ సార్ బోర్డు మీద ఒక స్టెప్ రాసి “ఇది మీకు ఫస్టియర్‌లో అయిపోయింది కదా” అని తర్వాతి స్టెప్‌కి పోతాడు. క్లాసంతా తలూపుతుంది. మేం కూడా ఊపుతాం. నా ఇంజనీరింగ్‌లో అతి పెద్ద తప్పు ఏదంటే ఆ తలూపడమే అంటా.

రెండో సంగతి, మేం చేరడమే ఆలస్యం. ఈసెట్ కౌన్సెలింగ్ అయ్యి, సీటొచ్చి, సర్టిఫికెట్లు ఇచ్చి క్లాసులో కూర్చునేసరికి సిలబస్ రెండు యూనిట్లు దాటిపోయింది. చేరిన పదో రోజు మొదటి మిడ్. ఏం రాయాలో తెలీక పేరు, నెంబర్ చక్కగా రాశా. మా రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్‌కి 25, ఎండ్ సెమ్‌కి 75. ఇంటర్నల్స్ రెండు మిడ్‌ల సగటు. మొదటి మిడ్ పోతే రెండోది ఎంత బాగా రాసినా సగటు లేవదు. మ్యాథ్స్‌లో నాకు ఇంటర్నల్స్ 9.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. పాస్ కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో 75కి కనీసం 26 రావాలి, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 20 ఉన్న నా బెంచ్‌మేట్‌కి 26 వస్తే చాలు. నాకు 31 రావాలి. నాకు 29 వచ్చాయి. వాడికి 27. వాడు పాస్, నేను ఫెయిల్. పైగా సప్లీ రాసినా ఇంటర్నల్స్ మారవు. ఆ 9 అలాగే ఉంటుంది. ప్రతిసారీ 31 తేవాల్సిందే.

సెకండియర్ అయిపోయేసరికి పది థియరీ సబ్జెక్టుల్లో ఆరు పోయాయి. ల్యాబులన్నీ వచ్చాయి. థర్డియర్‌కి వెళ్ళాలంటే రూల్ ఏంటంటే, అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో 60 శాతం రావాలి. మాకు ఉన్నవి సెకండియర్‌వి మాత్రమే, 48. అందులో 29 కావాలి. నాకున్నవి 25.

రెగ్యులర్ వాళ్ళకీ 60 శాతమే. కానీ వాళ్ళకి రెండేళ్ళవీ కలిపి 96 క్రెడిట్లు. 58 వస్తే చాలు. ఫస్టియర్ మొత్తం పాసైనవాడి దగ్గర అప్పటికే 48 ఉంటాయి. సెకండియర్‌లో పది క్రెడిట్లు తెచ్చుకుంటే థర్డియర్‌లో కూర్చుంటాడు. మా క్లాసులో నాకంటే ఎక్కువ సబ్జెక్టులు పోయిన వాళ్ళు ముగ్గురు హాయిగా ప్రమోట్ అయ్యారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు (అప్పుడు ఉండేది). రూల్‌లో మోసం ఉందనీ అనను. మధ్యలో వచ్చినవాడికి వెనక నిల్వ ఉండదు, అంతే. అదే దెబ్బ, అదే మార్కు, కానీ వాడి దగ్గర మెత్త లేదు. టెక్సాస్ తమ్ముడికి జరిగింది కూడా ఇదే.

లిస్ట్ వెంటనే రాలేదు. థర్డియర్ క్లాసులు మొదలయ్యాయి. సప్లీ ఫలితాలు రాలేదు కాబట్టి మమ్మల్ని కూడా కూర్చోనిచ్చారు. మూడు వారాలు కూర్చున్నా. కొత్త నోట్‌బుక్కులు కొన్నా. ముందు బెంచ్‌లో కూర్చున్నా. అన్నీ రాసుకున్నా. ఈసారి తలూపొద్దు, అడగాలి అని నిర్ణయించుకున్నా, అడిగా కూడా, రెండుసార్లు. సప్లీ ఫలితాలు వచ్చాయి. ఒక్కటీ కదల్లేదు. మ్యాథ్స్‌లో మళ్ళీ 29. నెంబర్ కూడా మారలేదు.

తర్వాతి సోమవారం కంట్రోల్ సిస్టమ్స్ క్లాసు. అటెండర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. సార్ చదివాడు. ఐదు పేర్లు. అందులో నలుగురం 5ఏ వాళ్ళమే. “వీళ్ళు ఒకసారి ఆఫీసులో కలవండమ్మా” అన్నాడు, మంచిగానే. బ్యాగ్ తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం అర్థం కాలేదు. తీసుకుంటే మళ్ళీ రావట్లేదని ఒప్పుకున్నట్టు. వదిలేసి వెళ్ళా. సాయంత్రం ఒక ఫ్రెండ్ తెచ్చి హాస్టల్ గేటు దగ్గర ఇచ్చాడు. వాడూ నేనూ ఏం మాట్లాడుకోలేదు.

క్రెడిట్లు తక్కువై ఆగిపోతే ఒక విచిత్రమైన పరిస్థితి. మళ్ళీ సెకండియర్ క్లాసులు వినాల్సిన పని లేదు, అటెండెన్స్ ఉంది కాబట్టి. థర్డియర్‌లో కూర్చోనివ్వరు. సప్లీలు రాసుకుని, క్రెడిట్లు తెచ్చుకుని, వచ్చే ఏడాది కింది బ్యాచ్‌తో చేరాలి. అంటే ఏడాదంతా నువ్వు ఎక్కడా లేవు. కాలేజీ ఉంది, నీకు క్లాసు లేదు. స్టూడెంట్‌వే, బస్‌పాస్ రెన్యువల్‌కి సంతకం పెట్టేవాళ్ళు లేరు.

ఇంట్లో చెప్పలేదు.

మా బాపుకి పెద్దపల్లిలో మోటార్ వైండింగ్ షాపు. వ్యవసాయ మోటార్లు కాలిపోతే విప్పి, కాయిళ్ళు మళ్ళీ చుట్టి ఇస్తాడు. నెలకి నాలుగున్నర వేలు పంపేవాడు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి షాపు తెరిచాక ఫోన్ చేసేవాడు. “క్లాసుకు పోయినవా?” అదొక్కటే ప్రశ్న. నేను రూమ్‌లోంచి రోడ్డు మీదికి వచ్చి ఎత్తేవాణ్ణి, బండ్ల చప్పుడు వినపడాలని. “బస్సుల ఉన్న బాపూ” అనేవాణ్ణి. అబద్ధం ఒక్కసారి చెప్పడం కష్టం. తొమ్మిదిన్నరకి అలారం పెట్టుకుని చెప్పడం చాలా తేలిక, అదే భయంకరం.

కాలేజీ దగ్గర హాస్టల్ ఖాళీ చేసి అమీర్‌పేట్‌కి మారా. ఇంట్లో “సాయంత్రం కోచింగ్ ఉంది” అన్నా. నిజానికి ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరా. అమీర్‌పేట్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడ జిరాక్స్ షాపు అంటే సగం యూనివర్సిటీ. జావా, ఒరాకిల్, టెస్టింగ్, ఎవరో చేత్తో రాసిన నోట్సులు కట్టలుకట్టలుగా కాపీలు తీసి అమ్ముతారు. మెషీన్ పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ తిప్పుతూ జావా చదివా. పేజీ బోర్లాపెట్టేలోపు ఎంత చదివితే అంత. ఇది ఏదో స్ఫూర్తి కథలా వినిపిస్తోందని నాకు తెలుసు. అప్పుడు అలా లేదు. మొదటి రెండు నెలలు నోట్సు కూడా చూడలేదు. పని అయ్యాక రూమ్‌కి పోయి లైట్ ఆర్పుకుని ఫోన్ చూస్తూ పడుకునేవాణ్ణి. వాట్సాప్‌లో క్లాస్ గ్రూప్‌ని మ్యూట్ చేశా, ఎగ్జిట్ అవలేదు. ఎగ్జిట్ అయితే ఫలానావాడు వెళ్ళిపోయాడని అందరికీ లైను పడుతుంది కదా.

నవంబర్‌లో, యాసంగికి ముందు, బాపు కాపర్ వైర్ కొనడానికి రాణిగంజ్ వచ్చాడు. ఎప్పుడూ కరీంనగర్‌లోనే కొంటాడు. ఆ సంవత్సరం ఆర్డర్ ఎక్కువని హైదరాబాద్ వచ్చాడు. పొద్దున తొమ్మిదిన్నరకే ఫోన్.

“పట్నం వచ్చిన బిడ్డా. పని పదకొండు వరకు అయితది. మీ కాలేజీ ఒక్కపారి చూసి పోదామనుకుంటున్న. ఏ బస్సు ఎక్కాలె?”

“నువ్వు ఆడనే ఉండు బాపూ, నేనే వస్త” అన్నా.

రాణిగంజ్‌లో ఒక ఇరానీ హోటల్‌లో కూర్చున్నాం. వైర్ చుట్టలున్న సంచి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. చాయ్ వచ్చింది. నేను దార్లో నాలుగు రకాలుగా అనుకున్నా. ఒకటీ రాలేదు. “బాపూ, నన్ను డిటెయిన్ చేసిన్రు” అన్నా. ఆయనకి ఆ మాట తెలీదు. దాంతో మొత్తం విడమర్చి చెప్పాల్సొచ్చింది. ఇంగ్లిష్ మాట వెనక దాక్కుందామనుకున్నా, కుదరలేదు.

చాలాసేపు చాయ్ కప్పులోకి చూశాడు.

“ఎన్ని పోయినయ్?”

“పదిట్ల ఆరు.”

“ఎప్పటి సంది?”

“నాల్గు నెలలాయె.”

మళ్ళీ ఏం మాట్లాడలేదు. సర్వర్ వచ్చి బిస్కెట్లు కావాలా అని అడిగి వెళ్ళాడు. అప్పుడు బాపు అడిగాడు.

“మరి నాల్గు నెలల సంది అన్నం ఏడ తింటున్నవ్?”

ఇక్కడ బాపు కాలిపోయిన మోటారునీ నన్నూ పోల్చి ఏదో గొప్పమాట చెప్పాడని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. లేచి బస్టాండ్‌కి వెళ్ళిపోయాడు. ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదిన్నర ఫోన్ ఆగిపోయింది. ఆ ఇరవై రోజులూ పొద్దున రోడ్డు మీదికి వచ్చి ఊరికే నిలబడేవాణ్ణి. అమ్మ ఫోన్ చేసి ఏడ్చేది, తిట్టేది, పప్పు ఎలా పెట్టుకోవాలో చెప్పేది. ఊళ్ళో ఎవరో “మీ పిలగాని చదువు అయిపోయిందా” అంటే బాపు “ఒక ఏడాది లేటు” అన్నాడట. అది అమ్మ చెప్పింది. అంతవరకే తెలుసు నాకు.

ఇరవై ఒకటో రోజు ఫోన్ వచ్చింది. ప్రశ్న మారింది. “ఇయ్యాల ఏం చదువుతున్నవ్?”

దీనికి నా దగ్గర జవాబు ఉండాల్సొచ్చింది. రోజూ. నిజంగా చదవడం అప్పుడే మొదలుపెట్టా. మొదట చేసిన పని, పోయిన ఆరు సబ్జెక్టులకీ ఎక్స్‌టర్నల్‌లో ఎంత కావాలో ఒక కాగితం మీద రాసుకోవడం. 31, 28, 33, 27 అలా. “నేను ఆరింట్లో ఫెయిల్” అనే మాట కంటే “ఇక్కడ రెండు మార్కులు, అక్కడ ఐదు మార్కులు” అనేది వేరుగా ఉంటుంది. ఆరింటికీ ఒకేసారి ఎగబడలేదు. నాకు కావాల్సింది నాలుగు క్రెడిట్లు. అంటే ఒక్క సబ్జెక్టు. భయానికి ఆరు కనిపిస్తాయి, రూల్‌కి ఒక్కటి చాలు. మూడు ఎంచుకున్నా. ఒక సీనియర్ దగ్గర ఫస్టియర్ మ్యాథ్స్ పుస్తకం తెచ్చుకుని, అవును ఫస్టియర్‌దే, మొదటి నుంచి చేశా. ఆ తలూపిన స్టెప్పులన్నీ అందులో ఉన్నాయి. నెలన్నర పట్టింది. తర్వాతి సప్లీలో మూడూ వచ్చాయి. మ్యాథ్స్‌లో 41.

తర్వాతి ఏడాది కింది బ్యాచ్‌తో కూర్చున్నా. వాళ్ళతో వచ్చిన కొత్త 5ఏ పిల్లలకి మొదటి వారంలోనే ఈ క్రెడిట్ల లెక్క చెప్పా. కొందరు విన్నారు. ఫైనలియర్ సగం ఆన్‌లైన్‌లో గడిచింది, కరోనా. 2021లో బయటికొచ్చా. అప్పుడు ఐటీ కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్నాయి. నా అదృష్టం అందులో చాలా ఉంది. ఈ రోజు మార్కెట్‌లో అయితే అంత తొందరగా వచ్చేది కాదేమో. అది దాచి “కష్టపడితే వస్తుంది” అని చెప్పడం నాకు నచ్చదు.

ఇంటర్వ్యూల సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తా. మొదటి ఇంటర్వ్యూలో “ఇక్కడ ఒక సంవత్సరం ఏమైంది?” అంటే “హెల్త్ ఇష్యూ” అన్నా. “ఏం ఇష్యూ?” అన్నారు. టైఫాయిడ్ అన్నా. ఏడాదిపాటు టైఫాయిడ్. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పైగా మెమోల మీద పాసైన నెల, సంవత్సరం అచ్చేసి ఉంటాయి. ఇవాళ కాకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. మూడో ఇంటర్వ్యూలో చెప్పేశా. క్రెడిట్లు తక్కువై ఆగిపోయా, 29కి 25 వచ్చాయి, లేటరల్ ఎంట్రీ, మొదటి నాలుగు నెలలు ఏం చేయలేదు, తర్వాత జిరాక్స్ షాపులో జావా చదివా. ఆయన నవ్వాడు. “ఏ వెర్షన్ నోట్సు?” అన్నాడు. ఆయనదీ అమీర్‌పేటే. అందరికీ ఇలా జరగదు. కొన్ని కంపెనీలు గ్యాప్ ఉంటే ఫారమ్ దగ్గరే ఆపేస్తాయి. అక్కడ వాదించడానికి ఏమీ లేదు, వేరేది చూసుకోవడమే.

టెక్సాస్ తమ్ముడికి ఆ రాత్రి ఇదంతా చెప్పలేదు. వాడికి ముందు కావాల్సింది వేరు. అమెరికాలో చదువు పోతే చదువొక్కటే పోదు, ఎఫ్-1 స్టేటస్ కూడా దాని మీదే నిలబడి ఉంటుంది. నేను లాయర్‌ని కాను. తెలిసినంత చెప్పా. డిస్మిసల్ లెటర్‌లో కింద అప్పీల్ గురించి, గడువు తేదీ గురించి ఉంటుంది, ముందు అది చదవమన్నా. వాడు మొదటి లైను చదివి లెటర్ మూసేశాడట. నేనూ లిస్టులో నా పేరు తప్ప ఇంకేం చూడలేదు కాబట్టి అర్థమైంది. తెరిపించి చదివించా. ఇంకా ఆరు రోజులుంది.

తర్వాత ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు. వాడు వాళ్ళని తప్పించుకు తిరుగుతున్నాడు, మనం కాలేజీ ఆఫీసు క్లర్క్‌ని తప్పించుకున్నట్టు. అక్కడ డీఎస్‌వో అనే మనిషే సెవిస్ రికార్డు చూసుకునేది. రికార్డు మూతపడకముందు కలిస్తే ఉండే దారులు, మూతపడ్డాక ఉండవు. చదువు పూర్తిచేసినవాళ్ళకి దేశంలో ఉండటానికి 60 రోజులు ఇస్తారు. డీఎస్‌వో అనుమతి తీసుకుని మధ్యలో మానుకుంటే 15 రోజులు. తీసేయడం వల్ల స్టేటస్ పోతే అలాంటి గడువేమీ లేదు. అప్పీల్ గెలిస్తే సరే. లేదంటే చేర్చుకునే ఇంకో కాలేజీ వెతుక్కోవాలి. స్టేటస్ పోయాక రీఇన్‌స్టేట్‌మెంట్ అడగొచ్చు, కానీ మామూలుగా ఐదు నెలలు దాటకముందే అడగాలి, అదీ పర్మిషన్ లేని పని చేయనివాళ్ళకి. “క్యాష్ జాబ్ ఏమన్నా ఒప్పుకున్నావా?” అని అడిగా. “ఒకళ్ళు రమ్మన్నారు” అన్నాడు. వద్దన్నా. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా అన్నా. చివర్లో, ఇవేవీ కుదరకపోతే విమానం ఎక్కి ఇంటికి రావడం కూడా ఒక దారే అని చెప్పా. దానికి వాడు ఏమీ అనలేదు.

ఇక్కడ డిటెయిన్ అయినవాళ్ళు కూడా రాస్తుంటారు కాబట్టి రెండు ముక్కలు. మీ రెగ్యులేషన్ పీడీఎఫ్ యూనివర్సిటీ సైట్‌లో ఉంటుంది. లేటరల్ ఎంట్రీ వాళ్ళకి అందులో విడిగా సెక్షన్ ఉంటుంది, చివర్లో, ఎవరూ చదవరు. మాకు మూడేళ్ళ కోర్సు పూర్తిచేయడానికి ఆరేళ్ళ గడువు ఉండేది. అది తెలిసిన రోజు నేను ఒక పూట నిద్రపోయా. కింది బ్యాచ్‌తో చేరితే రెగ్యులేషన్ మారిందేమో చూసుకోండి. మారితే సబ్జెక్టులు అటూ ఇటూ అవుతాయి. అటెండెన్స్ తక్కువై అదే సెమిస్టర్ మళ్ళీ చదవాల్సొస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చేరేముందే ఆఫీసులో అడగండి. చేరాక తెలిస్తే ఇంట్లో రెండోసారి చెప్పాల్సి వస్తుంది.

ఫోన్ పెట్టేసే ముందు ఎందుకో వాణ్ణి అడిగా. “భోజనం ఎలా మరి?”

వాడు కాసేపు మాట్లాడలేదు. రూమ్మేట్స్ వండుతున్నారట. రెండు నెలలుగా వాడి వాటా డబ్బులు ఇవ్వలేదట. వాళ్ళు అడగలేదట. అందుకే అందరూ తిని పడుకున్నాక తింటున్నాడట.

“ఇంట్లో చెప్పావా?”

“నాన్నకి బీపీ అన్నా.”

“ఎవరికైనా?”

“మీకు.”

ఆదివారం అప్పీల్ లెటర్ డ్రాఫ్ట్ పంపాడు. మూడు పేజీలు. మొదటి పేజీ మొత్తం క్షమాపణలు. జీపీఏ లెక్క మూడో పేజీలో ఎక్కడో ఉంది. దాన్ని పైకి తెచ్చి, మిగతాది ఒకటిన్నర పేజీకి తగ్గించి, ఏ సి ఎందుకొచ్చిందో, ఈసారి ఎన్ని కోర్సులు తీసుకుంటాడో, ఎవర్ని సలహా అడిగాడో రాయమన్నా. ఎవర్నీ అడగలేదన్నాడు. అయితే రేపు అడిగి, ఆ తర్వాత రాయి అన్నా. సోమవారం అడ్వైజర్‌ని కలిశాడు. మంగళవారం అప్పీల్ వేశాడు. ఏమవుతుందో ఇంకా తెలీదు.

వాళ్ళ నాన్నకి శనివారం చెప్తానన్నాడు. ఇక్కడ రాత్రి తొమ్మిదికి. చెప్పాక నాకు ఫోన్ చేయమన్నా. ఈసారి +1 నెంబరు కట్ చేయను.